మూడు ఇండ్లకు ఒక నంబర్

డబ్బాలు గీయడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా డబ్బాకూ డబ్బాకూ మధ్య గీసే గీతతోనే.

ఇది నా మాట కాదు. నిజామాబాద్‌లో ఎంసీఏ చదివేటప్పుడు మాకు సాఫ్ట్‌వేర్ డిజైన్ చెప్పిన మేడమ్ మాట. ఏ పనికైనా ప్రోగ్రామ్ రాసే ముందు, ఆ పనిలో ఉన్న మనుషులనూ వస్తువులనూ కాగితం మీద డబ్బాలుగా పెట్టుకుంటాం. ఒక్కో డబ్బా ఒక క్లాస్. విద్యార్థి ఒక డబ్బా, పుస్తకం ఒక డబ్బా. విద్యార్థి పుస్తకం తీసుకుపోతాడు కాబట్టి రెండింటినీ కలుపుతూ ఒక గీత. ఆ గీత పేరు అసోసియేషన్. గీతకు ఈ చివర ఒక అంకె, ఆ చివర ఒక అంకె రాయాలి. ఒక విద్యార్థి దగ్గర ఎన్ని పుస్తకాలు ఉండొచ్చు, ఒక పుస్తకం ఒకేసారి ఎంతమంది దగ్గర ఉండొచ్చు. ఒకటి అని రాస్తే ఒకటే. నక్షత్రం గుర్తు పెడితే ఎన్నైనా.

ఆ క్లాసు నాకు ఇష్టంగా ఉండేది. ఎవరినీ ఏదీ నోరు తెరిచి అడగలేని దాన్ని. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎంతవరకు అవుతారో గీతలు గీసుకుని చూసుకోవచ్చని తెలిశాక కొంత ధైర్యం వచ్చింది. బోధన్‌లో మా ఇంటిని డైరీలో అలాగే గీశాను. బాపు, అమ్మ, నేను ఒక డబ్బా. గోడకు అవతల చిన్నబాపు వాళ్లు ఒక డబ్బా. వెనక మేనత్త ఇల్లు ఒక డబ్బా. మూడిండ్లకూ కలిపి అప్పుడు ఒకటే ఫోన్, చిన్నబాపుది. బాపుకూ ఆయనకూ గోడ విషయంలో మాటలు లేవు. అయినా మా గ్యాస్ మెసేజ్, మేనత్త రేషన్ మెసేజ్, నా పరీక్షల మెసేజ్ అన్నీ ఆ ఫోన్‌కే వచ్చేవి. చిన్నమ్మ గోడ మీదుగా కేకేసేది. "పిల్లా, నువ్వు పాసైనవంటనే! లెక్కలల్ల జర తక్కువొచ్చినయంట!" నా మార్కులు నాకంటే ముందు వాడకంతా తెలిసేవి. బాపు మాత్రం వినపడనట్టు ఆకాశం వైపు చూస్తుండేవాడు.

ఇది ఎందుకు ముందే రాస్తున్నానంటే, ఒక ఫోన్ ఎంతమందిది అవుతుందో నాకు తెలియదని తర్వాత ఎవరూ అనుకోకూడదు. నాకు తెలుసు.

చదువు అయ్యాక నిజామాబాద్ బస్టాండ్ దగ్గర, ఒక బట్టల దుకాణం పైన ఉన్న చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. నాలుగు కుర్చీలు, ఒక కూలర్, ఒక సార్. బోధన్ నుంచి రోజూ బస్సు. చెరకు నరికే కాలంలో ఎడపల్లి దాటే దాకా బస్సు ట్రాక్టర్ల వెనక నడిచినట్టే పోయేది. కూర్చోవడానికి చోటు దొరికిన రోజు డైరీ రాసేదాన్ని, లేదా లైబ్రరీ పుస్తకం చదివేదాన్ని. దొరకని రోజు కమ్మీ పట్టుకుని నిలబడి, ముందు ట్రాక్టర్ నుంచి జారిపోయేలా ఊగే చెరకు గడను చూసుకుంటూ పోయేదాన్ని. ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగిలేది కాదు.

జక్రాన్‌పల్లి వైపు పసుపు రైతుల సంఘం ఒకటి మా దగ్గరికి వచ్చింది. వాళ్లు కలిసి రెండు ఆవిరి బాయిలర్లు కొనుక్కున్నారు. పసుపు తవ్వాక అలాగే ఉంచితే కుదరదు. రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి, తర్వాత కళ్లంలో పరిచి రెండు వారాలు ఎండబెట్టాలి, ఆ తర్వాతే డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి. ఉడకడం ఆలస్యమైతే కుప్ప అడుగున వేడెక్కి కుళ్లడం మొదలవుతుంది, రంగు పోతుంది. అందరూ నెలన్నరలోపే తవ్వుతారు, బాయిలర్లు రెండే. కిందటేడాది వంతుల దగ్గర కొట్లాటలు అయ్యాయి. ఎవరో తమ చుట్టాల కుప్పలు మధ్యలో దూర్చారు, వెనక ఉన్నవాళ్లు ఒక రోజంతా ఎదురుచూశారు. అందుకని వంతులు కంప్యూటర్ ఇవ్వాలి, ఫోన్‌కు మెసేజ్ రావాలి, బాయిలర్ నడిపేవాడు తన ఫోన్‌లో ఉన్న జాబితా ప్రకారం ఊరూరా పోవాలి. ఇదీ పని.

నేను కాగితం మీద నాలుగు డబ్బాలు గీశాను. రైతు, ఫోన్, బాయిలర్, వంతు.

సార్ కాగితం తిప్పి చూసి, రైతుకూ ఫోన్‌కూ మధ్య గీత మీద వేలు పెట్టాడు. "ఇక్కడ రెండు వైపులా ఒకటి రాయమ్మా. ఒక రైతుకు ఒక ఫోన్. ఒక ఫోన్‌కు ఒక రైతు. వేరే గుర్తింపు కార్డులు అడిగితే వంద ప్రశ్నలు వేస్తారు. ఫోన్ నంబరే గుర్తు. క్లీన్‌గా ఉంటుంది."

నేను నోరు తెరిచాను. చిన్నమ్మ గోడ మీదుగా కేకేయడం నాకు వినపడింది. అప్పుడే కింది నుంచి చాయ్ వచ్చింది. సార్ చాయ్ అందుకుని వేరే మాటలోకి వెళ్లిపోయాడు. నేను ఒకటి రాశాను.

వంతు అనే డబ్బాను రైతు డబ్బాలోని భాగంగా నేనే గీశాను. అది ఎవరూ చెప్పలేదు. గీత చివర నల్లని వజ్రం గుర్తు పెడితే అది మామూలు సంబంధం కాదు, లోపలి భాగమని అర్థం. ఇల్లు కూలితే ఇంట్లో గది కూడా కూలినట్టు, రైతు పేరు తీసేస్తే ఆ రైతు వంతులు కూడా వాటంతట అవే పోతాయి. అప్పుడు అది నాకు ముచ్చటగా అనిపించింది. చెత్త మిగలదు.

ఆ సాయంత్రం బస్సులో డైరీలో ఇలా రాసుకున్నాను: "ఫోన్ దగ్గర ఒకటి తప్పు. సార్‌కు చెప్పాలి." మర్నాడు: "ఇవాళ సార్ తీరిగ్గా లేరు. రేపు చెప్పాలి." ఆ తర్వాత నాలుగైదు రోజుల రాతల్లో ఆ ముచ్చటే లేదు. తర్వాత: "టెస్టింగ్ అయిపోయింది. బాగానే ఉంది."

శివరాత్రి ఇంకా రాలేదు కానీ ఎండ అప్పుడే ముదిరింది. సార్ వేరే పని మీద హైదరాబాద్ పోయాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. మెట్ల మీద చెప్పులు విప్పుతున్న చప్పుడైంది. ఒక ముసలావిడ, ఆమె వెనక ముప్పై ఏండ్ల ఆడమనిషి తలుపు దగ్గర నిలబడ్డారు.

"కంప్యూటర్ ఆఫీసు ఇదేనా?" చిన్నామె అడిగింది.

అవునన్నట్టు తలూపాను.

"కంప్యూటర్ ఎవలు?" అంది అవ్వ, గదంతా చూస్తూ.

"అవ్వా, కంప్యూటరంటే మనిషి కాదే. అగో, గా డబ్బా."

"డబ్బాతోని నేనేం మాట్లాడుదునే? దాన్ని నడిపిచ్చేటోళ్లను పిలువుమను."

"నేనే," అన్నాను.

"ఏంది?"

"నేనే, అవ్వా."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "గింత లేవు. నువ్వేనా నన్ను సంపింది?"

నాకు అర్థం కాలేదు. కూర్చోమని కుర్చీ జరిపితే ఆమె కూర్చోలేదు. "సంఘం సెక్రటరీని అడిగితే కంప్యూటర్ల నీ పేరు లేదన్నడు. మా ముసలాయన పోయినప్పుడు రేషన్ కార్డుల గట్లనే పేరు తీసేసిండ్రు. నేనింక బతికే ఉన్న గద బిడ్డా. జర సూసి చెప్పు, ఉన్ననా లేనా?"

చెబుతూనే కొంగు ముడి విప్పి, అందులోని పసుపు కొమ్ములు నా కీబోర్డు పక్కన పోసింది. మన్ను ఇంకా పచ్చిగా అంటుకుని ఉంది. ఒకదాన్ని తీసుకుని రెండు వేళ్లతో ఒత్తింది. నీళ్లు వచ్చాయి. "తవ్వి ఇయ్యాలకు మూడొద్దులు. కుప్ప మీద ఆకు కప్పి కూసున్న. చెయ్యి పెడితే లోపల కాలుతుంది."

చిన్నామె ఆమె పక్కింటి కోడలు. విషయం ఆమె చెప్పింది. వాడలో ఆనుకుని ఉన్న మూడిండ్లు, అవ్వది, వీళ్ల బావ వాళ్లది, వీళ్లది. మూడిండ్లలో చదువుకున్నది ఈమే. అందుకని సంఘంలో పేర్లు రాయించుకునేటప్పుడు మూడిండ్లవాళ్లూ ఈమె నంబరే ఇచ్చారు. మొదట అవ్వ పేరు ఎక్కింది. వంతు సోమవారం అని సెక్రటరీ ఫోన్‌లో చూసి నోటితోనే చెప్పాడు. ఆ మాట పట్టుకుని, తవ్వే మిషను ఊర్లోకి వచ్చిందని అవ్వ అర్ధెకరం తవ్వించింది. సోమవారం బాయిలర్ రాలేదు.

"నాకు మెసేజ్ ఒకటే వచ్చిందక్కా. అది మాదే. మా బావోళ్లు ఇంక తవ్వలే, వాళ్లకు తొందర లేదు. అవ్వదే ఆగమైంది."

నాకంటే పెద్దామె నన్ను అక్క అంటుంటే ఇంకా ముడుచుకుపోయాను. ఆమె నంబరు కొట్టి చూశాను. ఒకే వరుస వచ్చింది. ఆమె భర్త పేరు. అంతే.

ఏం జరిగిందో ఆ వరుస చూడగానే తెలిసిపోయింది. ఒక ఫోన్‌కు ఒక రైతు. అదే నంబరుతో బావ పేరు ఎక్కించగానే కొత్త రైతు వచ్చాడనుకుని ప్రోగ్రామ్ అవ్వను తీసేసింది. అవ్వతో పాటు ఆమె వంతును కూడా, గదిని ఇంటితో పాటు కూల్చినట్టు తీసేసింది. తర్వాత ఈమె భర్త పేరు ఎక్కగానే బావను తీసేసింది. ఎక్కడా ఎర్ర గీత రాలేదు, తప్పు అని ఒక్క మాట రాలేదు. నేను చెప్పినట్టే చేసింది.

సార్‌కు ఫోన్ చేశాను. వెనక ఏదో మీటింగ్ చప్పుడు. "అది లైవ్‌లో ఉంది, నువ్వేం ముట్టకు. సోమవారం నేనొచ్చాక చూద్దాం. ఇప్పటికి వేరే నంబరు మీద కొత్త వంతు ఇచ్చి పంపించు."

చూశాను. మొదటి ఖాళీ పదకొండు రోజుల తర్వాత ఉంది. ఆ మాట చెప్పలేక స్క్రీన్ వాళ్ల వైపు తిప్పాను. కోడలు చదివి, అవ్వకు చెప్పకుండా ఊరుకుంది. అవ్వ ఆమె మొహం చూసి తెలుసుకుంది. టేబుల్ మీది కొమ్ములు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది.

"రేపు పొద్దుగాల బాయిలర్ మా కళ్లానికే వస్తది," అంది కోడలు. "మాకు రెండు పూటలు రాసిండ్రు. మేము మడి సగమే తవ్వినం, మాది ఒక పూటల అయిపోతది. రెండో పూట అవ్వది పోద్దామంటే బాయిలరాయన ఒప్పుకుంటలేడు. ఫోన్ల ఎవని పేరుంటే వానిదే ఉడకబెడత అంటుండు. మునుపు కడాయిలున్నప్పుడు గిట్ల లేకుండె. మంట ఎవలదైనా పక్కోళ్లది గూడ దాని మీదనే దించుతుండిరి. కలిసి తోడుకునేది, కలిసి ఆరబోసేది."

బాయిలర్ నడిపే ఆయన తప్పేమీ లేదు. జాబితా కింద "జాబితాలో పేరు లేని పసుపు ఉడకబెట్టరాదు" అనే వాక్యం ఉంటుంది. సంఘం మీటింగ్‌లో అనుకున్న మాటే. టైప్ చేసింది నేను.

"రేపు నేనొస్తాను," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. వాళ్లు కూడా నమ్మినట్టు లేరు. అవ్వ మెట్లు దిగుతూ, "వస్తదంట," అని కోడలితో అనడం వినపడింది.

సార్‌కు రేపు సెలవని మెసేజ్ పెట్టాను. ఉద్యోగంలో చేరాక అదే మొదటి సెలవు.

పొద్దున బోధన్ బస్సు, నిజామాబాద్‌లో ఆర్మూర్ బస్సు, జక్రాన్‌పల్లిలో దిగి ఆటో. దారి పొడుగునా ఏం మాట్లాడాలో డైరీలో రాసుకున్నాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ఊరికి ఇంకా దూరం ఉండగానే ఉడుకుతున్న పసుపు వాసన వచ్చింది, తడిసిన మట్టిని ఎవరో పొయ్యి మీద పెట్టినట్టు. కళ్లం దగ్గర పది పదిహేను మంది ఉన్నారు. బాయిలర్ డ్రమ్ముల నుంచి ఆవిరి లేస్తోంది. కోడలు వాళ్ల పసుపు చివరి డ్రమ్ము దిగుతోంది. కొంచెం అవతల, కంచె పక్కన, ఆకులు కప్పిన కుప్ప. దాని పక్కన గొంతుకూర్చుని అవ్వ.

నన్ను చూసి లేచింది. "కంప్యూటరొచ్చింది!" అని అరిచింది.

అందరూ తిరిగారు. "ఓరి, కంప్యూటర్ నడుసుకుంట వచ్చిందిరా," అన్నారెవరో. నవ్వులు.

బాయిలర్ నడిపే ఆయన మెడలో తువ్వాల, జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్. "ఏందమ్మా ముచ్చట?" అన్నాడు. "మీరు రాసినట్టే చేస్తున్న. నా మీద మాట రావద్దు."

రాసుకున్నదేదీ గుర్తు రాలేదు. "తప్పు నాది," అన్నాను. "అవ్వ పేరు రాయించుకుంది. వంతు కూడా వచ్చింది. నేను ప్రోగ్రామ్‌లో ఒక ఫోన్‌కు ఒక్క రైతే ఉంటాడని పెట్టాను. అదే నంబరుతో ఇంకో పేరు ఎక్కేసరికి అవ్వ పేరు పోయింది. వంతు కూడా పోయింది."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఒక ఫోన్‌కు ఒక్కడేనా? మా ఇంట్ల ఐదుగురం ఉన్నం, ఫోన్ గీ ఒక్కటే. అది గూడ సీజన్ అయిపోతే నా భార్య గుంజుకుంటది." మళ్లీ నవ్వులు. "నన్నడిగితే అప్పుడే చెప్తుంటి గదమ్మా. గింత సదువుకున్నోళ్లకు గిది తెల్వదా?"

తెలియదు అని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. అందరూ అదే అనుకుంటున్నారు, పట్నం ఆఫీసువాళ్లకు తెలియదని.

"తెలుసు," అన్నాను. "మా వాడలో కూడా మూడిండ్లకు ఒకటే ఫోన్ ఉండేది. తెలిసి చెప్పలేదు."

నవ్వులు ఆగాయి.

"నోరు లేదా బిడ్డా నీకు?" అంది అవ్వ. తిట్టినట్టు లేదు. నిజంగానే అడిగినట్టు ఉంది.

"ఉంది, అవ్వా."

"మరి?"

కుప్ప మీద జారిన ఆకును సర్దాను.

తర్వాతి వంతు ఆయన అక్కడే ఉన్నాడు. ట్రాక్టర్ మీద నుంచి దిగొచ్చాడు. "గీ పిల్ల వచ్చి చెప్తే నేను ఆగాల్నా? రేపు ఇంకో పిల్ల వస్తది, ఇంకో అవ్వను తెస్తది. నా కుప్ప గూడ తవ్వే ఉంది."

"నీది రేపు పొద్దుగాలనే గదరా అన్నా," అంది కోడలు. "ఇయ్యాల రెండో పూట మాది. మా పూటనే అవ్వకు ఇస్తున్నం. నీ పూట మీదికి ఎవలొస్తుండ్రు?"

"రేపటికి లేటైతే?"

"లేటైతే నేను జిమ్మేదారి," అన్నాడు బాయిలర్ ఆయన. అని నా వైపు తిరిగాడు. "గని నాకు కాయితం గావాలె. సెక్రటరీ అడిగితే ఏం సూపెట్టాలె? ఫోన్ల లేదు. నువ్వు రాసియ్యి, సంతకం పెట్టు."

సంచిలో డైరీ తప్ప వేరే కాగితం లేదు. చివరి పేజీ చింపాను. ఆరేండ్ల నుంచి డైరీలు రాస్తున్నాను, ఒక్క పేజీ కూడా చింపలేదు. ట్రాక్టర్ బానెట్ మీద పెట్టి రాశాను. అవ్వ పేరు, ఊరు, సోమవారం ఆమెకు వంతు ఉండిందని, ప్రోగ్రామ్ తప్పు వల్ల అది పోయిందని, ఈ రోజు రెండో పూట పక్కింటివాళ్లు ఇష్టంగా ఇచ్చారని. కింద నా పేరు. కోడలు చదివి అందరికీ వినిపించింది. బాయిలర్ ఆయన దాన్ని మడిచి ఫోన్‌తో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

"ఇగ తీయుండ్రి ఆకు," అన్నాడు.

ఆకులు తీసేసరికి కుప్పలోంచి వేడి మొహానికి కొట్టింది. పైన బాగానే ఉంది. చేతులు లోపలికి పోయే కొద్దీ కొమ్ములు మెత్తబడ్డాయి, అడుగున జిగురుగా ఉంది, పుల్లటి వాసన. మూడిండ్ల ఆడవాళ్లూ కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. గట్టివి గంపలోకి, మెత్తవి కంచె వైపు. నేనూ కూర్చున్నాను. మొదట్లో నేను మెత్తవి కూడా గంపలో వేశాను, అవ్వ తీసి పారేసింది. "గిది ఉడికితే పక్కనున్నదాన్ని గూడ పాడు చేస్తది. జాలి పడకు." నాలుగు గంపలు కంచె అవతలికి పోయాయి. ప్రతి గంప పోతుంటే నేను చూశాను. అవ్వ చూడలేదు.

మిగిలింది రెండు డ్రమ్ములకు వచ్చింది. ఆవిరి పట్టి నురగ వచ్చాక అవ్వ ఒక కొమ్ము తీయించి చీపురు పుల్లతో పొడిచింది. పుల్ల దిగింది. ఇంకో కొమ్ము తీసి పొడిచింది. విరిచి లోపల చూసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"రంగు ఎట్లుంటదో ఎండినంక తెలుస్తది," అంది. "ఇప్పుడేం చెప్పరాదు."

తిరుగు బస్సులో పక్కన కూర్చున్నామె నా చేతులు చూసి, పెండ్లి పసుపు కొట్టి వస్తున్నవా అని అడిగింది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

సోమవారం సార్ వచ్చాడు. సెక్రటరీ అప్పటికే ఆయనకు ఫోన్ చేశాడు.

"నువ్వు సంతకం పెట్టి వచ్చావా? ఆఫీసు పేరు మీద?"

"నా పేరు మీద, సార్."

మునుపు గీసిన కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. రైతుకూ ఫోన్‌కూ మధ్య గీత చివర ఒకటి చూపించాను. కొట్టేసి నక్షత్రం పెట్టాను. వంతు పక్కన నల్ల వజ్రం కూడా కొట్టేసి, ఆ డబ్బాను రైతులోంచి బయటికి తెచ్చి రైతుకూ బాయిలర్‌కూ మధ్య నిలబెట్టాను. వంతు ఒక్క రైతుది కాదు. రైతుకూ బాయిలర్‌కూ మధ్య ఉండేది. పేరు మారినా అది దానంతటది పోకూడదు.

సార్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "ఇది అప్పుడే చెప్పొచ్చు గదమ్మా."

"చెప్పాలనుకున్నాను, సార్."

"అనుకుంటే నాకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. ఆయన కూడా అలసిపోయి ఉన్నాడు. కాగితం మళ్లీ నా వైపు జరిపి, "నేను కూడా అడగలేదులే," అన్నాడు.

రైతుకూ రైతుకూ మధ్య ఇంకొక గీత గీశాను. ఎవరి మంట మీద ఎవరి పసుపు దిగవచ్చో చెప్పే గీత. రైతు డబ్బాలోంచి బయలుదేరి మళ్లీ రైతు డబ్బాకే వచ్చి కలుస్తుంది. సార్ దాన్ని ఒప్పుకోలేదు. "దీని చివర అంకె ఎవరు రాస్తారు? ఇవాళ కలిసి ఉంటారు, రేపు గోడ దగ్గర కొట్లాడుకుంటారు." బాపూ చిన్నబాపూ గుర్తొచ్చారు. సార్ మాట తప్పని అనలేకపోయాను. ఆ గీత నా డైరీలో ఉంది, అంకెలు లేకుండా.

మార్పు చేయడానికి ఒక పూట పట్టింది. అసలు పని ఆ తర్వాత వచ్చింది. సంఘం చేతిరాత రిజిస్టర్ తెప్పించి, ఒక్కో పేరూ స్క్రీన్ మీది పేర్లతో పోల్చి చూశాను. అవ్వలాగే పోయినవాళ్లు ఇంకా పదిహేడు మంది. వాళ్లందరికీ ఫోన్ చేయాలి. ఏ నంబరుకు ఎవరు పలుకుతారో తెలియదు. నాకు ఫోన్‌లో మాట్లాడాలంటే ముందు నీళ్లు తాగాలి. రోజుకు ముగ్గురు నలుగురికి చేశాను. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. ఒకాయన వాళ్లమ్మ పేరు ఎందుకు తీసేశారని అడిగి, నేను చెప్పేదంతా విని, "సరే, ఇంక తవ్వలేదు లే," అని పెట్టేశాడు. ఆ వారమంతా బస్సులో పుస్తకం తెరవలేదు. డైరీలో తేదీలే ఉన్నాయి.

అవ్వకు ఫోన్ చేయలేదు. చేస్తే అడగాల్సింది ఒకటే. ఆ రంగు సంగతి అడగడానికి భయమేసింది. ఎండడానికి రెండు వారాలు. రోజూ ఎండ ఎలా ఉందో చూసుకునేదాన్ని. ఒక సాయంత్రం మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి జక్రాన్‌పల్లి వైపు చూశాను, అక్కడి నుంచి ఏమీ కనపడదని తెలిసి కూడా.

పదహారో రోజు ఆ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. స్క్రీన్ మీద పేరు లేదు, అంకెలే ఉన్నాయి. కానీ ఆ అంకెలు నాకు నోటికి వచ్చు. మూడిండ్లలో ఎవరు మాట్లాడతారో తెలియదు. నీళ్లు తాగకుండానే ఎత్తాను.

వెనక నుంచి కోడలు, "మాట్లాడు అవ్వా, ఎత్తింది," అంటోంది.

"కంప్యూటరేనా?"

"నేనే, అవ్వా."

"ఎండింది. నిన్న డ్రమ్ముల తిప్పిచ్చినం. ముందు తవ్వినోళ్లదాని అంత లేదు గని, పాడు కాలే. విరిస్తే లోపల ఎర్రగనే ఉంది. నాలుగు గంపలైతే పోయినయి."

"అవును, అవ్వా. పోయాయి."

"ఇగ మా వోడు శనివారం తవ్వుతడంట, పక్కింటాయన. ఆయన పేరుందా సూడు. మళ్ల లేదనకు."

ఫోన్ చెవికి ఆనించి పట్టుకునే ఆమె నంబరు కొట్టాను. ఒకదాని కింద ఒకటి మూడు వరుసలు వచ్చాయి. అవ్వది మొదట ఉంది. కోడలి బావ పేరు మధ్యలో ఉంది, పక్కన ఆదివారం అని వంతు.

"ఉంది, అవ్వా. ఆదివారం, మొదటి పూట. శనివారం తవ్వమను, అంతకన్నా ముందు వద్దు."

"గట్టిగ చెప్పు, ఆయన గీడనే ఉన్నడు, వింటడు."

కుర్చీలోంచి లేచి, కూలర్ చప్పుడు మించేలా మళ్లీ చెప్పాను.